బళ్ళారి రాఘవ

పాఠశాల వార్షికోత్సవమునాడు నాటకము వేయుట మీరెరిగినదే. కొన్ని దినములు ముందుగా పాత్రలను పంచుదురు. సాయంకాలము బడి విడిచిన పిమ్మట బల్లలను ఒక మూలకు జరిపి సంభాషణలు వల్లించుదురు. ఆ రాత్రి ముఖమునకు రంగు పూసికొని, తలపై కిరీటము ధరించి, తెర వెనుక నిలుచున్న బాలుని గుండె దడదడ కొట్టుకొనును. మరునాటి ఉదయమున ఆ మహారాజే లెక్కల పుస్తకము చేతబట్టి, ఎప్పటివలె ఎనిమిదవ తరగతి బల్లపై కూర్చుండును.

మన పట్టణములలో పెద్దలును ఇట్లే నాటకము లాడుచుందురు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వకీళ్ళు, వైద్యులు పగలెల్ల తమ పనులు చూచుకొని, రాత్రివేళ ఒకచోట చేరి పాత్రలను అభ్యసించుదురు. నాటకము వారికి జీవనాధారము కాదు. దానిపై గల ప్రీతియే వారిని అచ్చటికి లాగికొని వచ్చును. ఇట్టివారిని ఔత్సాహిక నటులని పిలుతురు. వారిని చూచి, పొద్దుపోక చేయు పని యని తేలికగా మాటలాడువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. ఆ మాట ఎంత పొరపాటో తెలిసికొనుటకు బళ్ళారి రాఘవ జీవితమొక్కటి చాలును. ఆయన వృత్తి న్యాయవాదము. ఆయన వ్రతము నాటకము.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయన 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, పెన్నానది ఒడ్డున గల తాడిపత్రిలో జన్మించెను. ఆ ఊరు నేడు అనంతపురము జిల్లాలో నున్నది. కాని ఆ జిల్లా ఏర్పడినది 1882లో. రాఘవ పుట్టిననాటికి తాడిపత్రియు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ 1880లోనే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తన విద్యార్థులచేత వ్యవహారధర్మబోధిని యను నాటకమును ఆడించెను. తెలుగున ఆధునిక నాటక ప్రదర్శనము అప్పటినుండియే మొదలైనదని పెద్దలు చెప్పుదురు. కావున రాఘవయు, తెలుగు నాటకరంగమును ఒకే యీడువారని చెప్పవచ్చును.

ఆయన తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో తెలుగు పండితుడు. తల్లి శేషమ్మ. ఆమె సోదరుడే ఆంధ్రనాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు. తండ్రినుండి భాషయు, మేనమామనుండి నాటకమును బాలునకు ఇంటనే లభించెను.

ఆనాడు బళ్ళారి మద్రాసు రాజధానిలోని ఒక ముఖ్య పట్టణము. అచ్చట తెలుగును కన్నడమును ప్రక్కప్రక్కనే వినవచ్చుచుండెను. ఒకే వీధిలో ఒక యింట తెలుగు, మరియొక యింట కన్నడము, అంగడిలో హిందూస్తానీ మాటలాడుకొనెడివారు. విజయనగర సామ్రాజ్యమునకు రాజధానియై వెలుగొంది, పిదప శిథిలమైన హంపి ఆ జిల్లాలోనే యుండెను. అట్టి పట్టణమున 19వ శతాబ్దము చివరి భాగమున రెండు నాటకసభలు వెలసెను. ఒకటి రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ. రెండవది కోలాచలము శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ. ఈ యిరువురును వకీళ్ళే. కోర్టుపని ముగించుకొని నాటకములు వ్రాసి, మిత్రులను కూర్చి ఆడించినవారే.

రామకృష్ణమాచార్యులు చిత్రనళీయము, ప్రహ్లాద మొదలగు అనేక నాటకములను రచించెను. నాటకము శుభముగా ముగియవలెనను పాత నియమమును దాటి, విషాదాంతముగా సారంగధర కథను నాటకముగా వ్రాసి, తెలుగు రంగమునకు క్రొత్త త్రోవ చూపెను. శ్రీనివాసరావు చరిత్రపై మక్కువతో రామరాజు మొదలైనవారి కథలను నాటకములుగా మలచెను. రెండు సభల నడుమ పోటీ యుండుట సహజము. ఆ పోటీవలన పట్టణమునకు మంచి నాటకములు దక్కెను. రాఘవ మేనమామ నీడలో నటన నేర్చి, శ్రీనివాసరావు నాటకములలోను నటించి, ఇరువురి సారమును గ్రహించెను.

పండ్రెండేండ్ల ప్రాయమునుండియే రాఘవకు నటనపై ఆసక్తి కుదిరెను. ఆంగ్ల విద్య నభ్యసించుచు షేక్‌స్పియరు నాటకములను ప్రేమతో చదివెను. బళ్ళారిలో షేక్‌స్పియరు పేర ఒక సంఘమును నెలకొల్పి, ఆ మహాకవి నాటకములను ప్రదర్శించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, పిదప న్యాయశాస్త్రము చదివి, 1905లో ఆ పరీక్షయందు ఉత్తీర్ణుడై బళ్ళారికి తిరిగివచ్చి వకీలుగా పని ప్రారంభించెను. కొంతకాలమునకే సమర్థుడని పేరు తెచ్చుకొనెను. ప్రభుత్వ న్యాయవాదిగను పనిచేసెను. రావుబహదూరు బిరుదమును ఆయనను వరించెను.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. ఆ కాలమున నాటకములాడువారియెడ సంఘమునకు గౌరవము తక్కువ. వేషగాడని ఈసడించువారు మెండుగ నుండిరి. చదువుకొని, కోర్టులో పేరు పొంది, ప్రభుత్వముచేత సన్మానింపబడిన వ్యక్తి ముఖమునకు రంగు పూసికొనుట పలువురికి వింతగా తోచెను. రాఘవ అందులకు సిగ్గుపడలేదు. నాటకమును విడిచి వృత్తినే పట్టుకొనియున్నచో ఆయన మరింత ధనము గడించియుండును. వృత్తిని విడిచి నాటక కంపెనీలలో చేరినను ధనము వచ్చియుండును. ఆయన ఈ రెండు త్రోవలను తొక్కలేదు. పొట్టకూటికి వకీలుపని యుండుటచేత నాటకమునకు వెల కట్టవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. వెల కట్టలేదు గనుకనే, ప్రేక్షకులు కోరినదెల్ల చేయవలసిన అగత్యమును కలుగలేదు. ఈ స్వాతంత్ర్యమే ఆయన కళకు ఆయువుపట్టు. ఆయన ప్రదర్శనములు పెక్కు ధర్మకార్యముల సహాయార్థము జరిగెను.

ఆ స్వాతంత్ర్యమును ఆయన దేనికై వినియోగించెనో తెలిసికొనుటకు ఆనాటి నాటకముల తీరు కొంత యెరుగవలెను. అప్పటి తెలుగు నాటకములలో పద్యములును పాటలును మెండు. రంగము ప్రక్కన హార్మోనియము మ్రోగుచుండగా, నటుడు ముందుకు వచ్చి పద్యమెత్తుకొని దీర్ఘముగా రాగము తీయును. ప్రేక్షకులు పరవశించి మరల పాడుమని వన్స్‌మోర్ కేకలు వేయుదురు. నటుడు ఆగి, అదే పద్యమును మరల పాడును. చనిపోవుచున్న వీరుడును లేచి పాడవలసినదే. పుత్రశోకమున కుమిలిపోవు తల్లియు రాగము తీయవలసినదే. ఆ పాటలు విన సొంపుగానే యుండెను. గొప్ప గాయకనటులు తెలుగుదేశమున పలువురు వెలసిరి. కాని పాట సాగినంతసేపు కథ నిలిచిపోవును. రాజును మరచి, జనులు రాజు వేషములోని గాయకుని చూచెడివారు.

రాఘవకు ఈ పద్ధతి రుచింపలేదు. పద్యమైనను మాటవలె మనస్సునుండి వెలువడవలెననియు, రాగముకన్న అర్థము ముఖ్యమనియు ఆయన తలంపు. కోపము వచ్చినవాడు తాళము చూచుకొని కోపింపడు. దుఃఖించువాడు శ్రుతి సరిచూచుకొని దుఃఖింపడు. ఆయన రంగముపై నిలిచినప్పుడు కన్నులు, కనుబొమలు, చేతివ్రేళ్ళు, తుదకు మౌనము గూడ మాటలాడెడివి. ఎదుటి పాత్ర పలుకుచుండగా ఆ పలుకులను వినుటయు నటనయే యని ఆయన ఆచరించి చూపెను. పాటలకై వచ్చిన ప్రేక్షకులకు మొదట ఇది వెలితిగా తోచియుండును. కాని నాటకము ముగిసి యింటికి పోయిన పిదప వారి కన్నుల యెదుట నిలిచినది ఆ పాత్రయే.

కోలాచలము శ్రీనివాసరావు రచించిన రామరాజు నాటకమున రాఘవ ధరించిన పఠాను రుస్తుము పాత్ర దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధమును, విజయనగర పతనమును ఆ నాటకము వర్ణించును. హంపి శిథిలములకు చేరువనే నివసించు ప్రేక్షకుల హృదయములు విజయనగరము వైపు మొగ్గుట సహజము. అయినను ఆ పఠాను రంగముపైకి వచ్చినప్పుడు చూపు మరల్చుకొనుట వారికి సాధ్యము కాకుండెను. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, షేక్‌స్పియరు నాటకములలోని షైలాకు, ఒథెల్లో మొదలైన పాత్రలును ఆయనకు కీర్తి తెచ్చినవే. వీరిలో పెక్కురు లోకము మెచ్చని గుణములు గలవారు. అట్టివారిని కేవలము దుష్టులుగా చూపి కేకలు వేయుట సులభము. దుష్టుడు గూడ తన మనస్సులో తాను న్యాయమే చేయుచున్నానని తలచును. ఆ తలపును పట్టుకొని, ప్రేక్షకులకు కనబరచుటయే కష్టము. కోర్టులో ముద్దాయిని ఎదుట నిలుపుకొని, మానవులు తప్పు ఎందులకు చేయుదురో అనుదినము పరికించిన వకీలుకు ఈ విద్య అబ్బుటలో ఆశ్చర్యము లేదు. పగటి వృత్తి రాత్రి కళకు ఇట్లు తోడ్పడెను.

ఆయన తెలుగులోనే గాక కన్నడమునను, హిందీలోను, ఆంగ్లమునను నటించెను. 1927లో మహాత్మాగాంధి అస్వస్థుడై నందికొండయందును, బెంగళూరునందును విశ్రాంతి గైకొనెను. ఆ సందర్భమున రాఘవ దీనబంధు కబీరు నాటకమును హిందీలో ఆయన యెదుట ప్రదర్శించెను. కాలమును ఎంతో పొదుపుగా వాడుకొను గాంధీజీ ఆ నాటకమును ఆసక్తితో తిలకించి, రాఘవను మనసార అభినందించెను. తెలుగు నటుడు హిందీలో కబీరై, గుజరాతీయుడైన మహాత్ముని కరగించుట చిన్న విషయము కాదు. అనంతరము రాఘవ ఇంగ్లండు మున్నగు దేశములకు పోయి, అచ్చటి రంగస్థలములను చూచి, సుప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డ్ షా ను కలిసికొని నాటకకళను గూర్చి సంభాషించెను. విదేశములలో నేర్చినది స్వదేశమునకు తెచ్చి పంచుటయే ఆయన యాత్రాఫలము.

రాఘవ చేసిన పనులలో మిక్కిలి ధైర్యము కావలసినది వేరొకటి కలదు. ఆ కాలమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించుట వాడుక. సురభివంటి కుటుంబ నాటకసమాజములలో స్త్రీలు నటించుచునే యుండిరి. స్థానము నరసింహారావువంటి నటులు స్త్రీ వేషములలో అపూర్వమైన కీర్తి నార్జించిరి. కాని చదువుకొన్నవారి నాటకసభలలో, గౌరవ కుటుంబముల స్త్రీలు రంగమెక్కుట యన్నచో లోకము నొసలు చిట్లించెడిది. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించినగాని నాటకమున సత్యము నిలువదని రాఘవ నమ్మెను. నమ్మి ఊరకుండక, చదువుకొన్న స్త్రీలను ప్రోత్సహించి, తనతో సమానముగ రంగముపై నిలిపెను. కొమ్మూరి పద్మావతీదేవి అట్లు ముందుకు వచ్చి, ఆయనతో కలిసి నటించి పేరొందెను. నింద యేదైనను ఆ స్త్రీలపైననే మొదట పడును గనుక వారి ధైర్యము రాఘవ ధైర్యమునకు తీసిపోదు. నేడు మీ పాఠశాలలో బాలికలు సంకోచము లేక నాటకములలో పాల్గొనుచున్నారన్నచో, ఆ త్రోవ తీర్చినవారిలో వీరిని తలంపవలెను.

పురాణ పురుషులను, రాజులను నటించి మెప్పు పొందిన రాఘవ అంతటితో తృప్తి పడలేదు. మన యిండ్లలో మనవంటివారికి కలుగు చిక్కులు గూడ రంగముపైకి రావలెనని ఆయన కోరెను. మద్రాసులో న్యాయవాదిగా నున్న పి. వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది యను సాంఘిక నాటకమును ఆయన ప్రదర్శించెను. అందు కిరీటములు లేవు, కత్తులు లేవు, దర్బారు తెరలు లేవు. సాధారణమైన యింటిలో సాధారణమైన దుస్తులతో మనుష్యులు మాటలాడుకొందురు. తప్పు ఎవరిదో తేల్చుకొను భారము చూపరులదే. ఆ రాజమన్నారే తరువాత 1948లో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తియై, 1953లో నెలకొన్న సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడయ్యెను.

ఇంతలో తెలుగు సినిమాలు బయలుదేరెను. రాఘవ 1936లో ద్రౌపదీ మానసంరక్షణము అను చిత్రమున దుర్యోధనుడుగా నటించెను. 1939లో గూడవల్లి రామబ్రహ్మము నిర్మించిన రైతుబిడ్డలో రైతు పాత్ర ధరించెను. జమీందారుల క్రింద రైతులు పడు పాట్లను చూపిన చిత్రమది. 1940లో చండిక యను చిత్రమున నటించెను. సినిమాలలో ఆయన నటన ఈ మూడింటితో ముగిసెను. సినిమాలు నాటకములను మించి జనులను ఆకర్షించుచున్న కాలమునను ఆయన మనస్సు రంగస్థలముపైననే నిలిచియుండెను. తెర లేచినంతనే ఎదుట కనబడు వేలకొలది ముఖములు, చీకటిలో వినవచ్చు ఒక నిట్టూర్పు ఆ రంగమున దొరకును. ఆ రుచి నెరిగినవారికి వేరొకటి రుచించుట కష్టము.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాఘవ పరమపదించెను. నటుని కళకు ఒక దురదృష్టము కలదు. కవి పోయినను కావ్యము మిగులును. శిల్పి పోయినను శిల్పము మిగులును. తాడిపత్రి ఆలయములలోని శిలలు నేటికిని చెక్కినవారి నేర్పును చాటుచున్నవి. రంగస్థల నటుని శిల్పము మాత్రము తెర దిగుటతోనే కరగిపోవును. రాఘవ రుస్తుమును చూచి వచ్చి బిడ్డలకు వర్ణించి చెప్పిన తరమువారును గతించిరి. అయినను ఆయన పేరు మాయలేదు. బళ్ళారి పట్టణము 1953లో మైసూరు రాష్ట్రమున చేరి, నేడు కర్ణాటకలో నున్నది. అచ్చట ఆయన పేర రాఘవ కళామందిరము వెలసి, ఇరుభాషల వారికిని ఆయనను స్మరణకు తెచ్చుచున్నది. రాష్ట్రముల ఎల్లలు మారినను, ఆ పట్టణము పేరు ఆయన పేరునుండి విడిపోలేదు.

ఏప్రిల్ 16వ తేదీయే కందుకూరి వీరేశలింగము జన్మదినము. ఆ దినమును ఆంధ్రప్రదేశమున తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. తెలుగు నాటకమునకు నాంది పలికిన మహనీయుడు పుట్టిన దినముననే, ఆ నాటకమునకు క్రొత్త జీవము పోసిన నటుడు కన్ను మూసెను.

విద్యార్థులారా! మీరు పెరిగి పెద్దవారై ఒక్కొక్కరు ఒక్కొక్క వృత్తి చేపట్టుదురు. ఒకరు వైద్యులు, ఒకరు రైతులు, మరియొకరు ఉపాధ్యాయులు కావచ్చును. వృత్తి మీకు అన్నము పెట్టును. దానిని శ్రద్ధతో చేయుడు. దానితోబాటు మీ మనస్సు వలచిన కళ ఏదేని యున్నచో, తీరికవేళ పని యని దానిని తేలికగా చూడకుడు. చప్పట్లకొరకు దానిని దిగజార్చకుడు. రాఘవ పగలు కోర్టులో ఎంత శ్రద్ధ చూపెనో, రాత్రి రంగముపైనను అంత శ్రద్ధ చూపెను. వచ్చే వార్షికోత్సవమున మీకొక చిన్న వేషము లభించినను, రెండే మాటలు పలుకవలసి వచ్చినను, ఆ రెండు మాటలను నిజముగా పలుకుడు. తక్కినవారు పలుకునప్పుడు నిజముగా వినుడు. రాఘవకు మీరు చేయగల నమస్కారము అదియే.